హైబ్రిడ్ సెడాన్: మైలేజీ ఎంత, చివరికి మిగిలేది ఎంత?

కుటుంబ అవసరాలకు వాడే మధ్యశ్రేణి సెడాన్లలో పూర్తిస్థాయి హైబ్రిడ్‌గా 2022 మేలో భారత మార్కెట్లోకి వచ్చిన కారు హోండా సిటీ ఇ:హెచ్‌ఈవీ. దీని ధృవీకృత మైలేజీ మొదట లీటరుకు 26.5 కిలోమీటర్లు. 2023లో చేసిన మార్పుల తర్వాత అది 27.13కు చేరింది. ఇదే కారు పెట్రోలు ఆటోమేటిక్ మోడల్ మైలేజీ 18.4. అంటే లీటరుకు దాదాపు 9 కిలోమీటర్ల తేడా. అయితే ధరలోనూ లక్షల్లో తేడా ఉంది. అదనంగా పెట్టిన సొమ్ము తిరిగొస్తుందా లేదా అన్నది ఏడాదికి ఎంత దూరం, ఎలాంటి రోడ్లపై తిరుగుతారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

ఇంధనం ఎక్కడ ఆదా అవుతుంది?

హైబ్రిడ్ పేరుతో అమ్మే కార్లన్నీ ఒకటి కావు. 2015లో వచ్చిన మారుతీ సియాజ్ ఎస్‌హెచ్‌వీఎస్ లాంటివి 'మైల్డ్ హైబ్రిడ్'లు. వీటిలో చిన్న మోటారు ఇంజిన్‌కు కాస్త సాయం చేస్తుందే తప్ప, కారును సొంతంగా నడపలేదు. సిటీ ఇ:హెచ్‌ఈవీ 'స్ట్రాంగ్ హైబ్రిడ్'. ఇందులో 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌తో పాటు రెండు మోటార్లు ఉంటాయి. తక్కువ వేగంలో చక్రాలను తిప్పేది మోటారే. ఇంజిన్ అవసరమైనప్పుడు మాత్రమే ఆన్ అయి జనరేటర్‌లా కరెంటు తయారుచేస్తుంది. హైవే వేగంలో క్లచ్ ద్వారా ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. ప్లగ్ పెట్టి చార్జింగ్ చేయాల్సిన పని లేదు.

మామూలు కారులో బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. హైబ్రిడ్‌లో అందులో కొంత భాగం తిరిగి బ్యాటరీకి చేరుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ కూడా ఆగిపోతుంది. అందుకే అమీర్‌పేట, బెంజ్ సర్కిల్ లాంటి రద్దీ ప్రాంతాల్లో హైబ్రిడ్‌కు లాభం ఎక్కువ. ఒకే వేగంతో సాగే హైవేపై బ్రేకుల అవసరం తక్కువ కాబట్టి, తిరిగొచ్చే శక్తి కూడా తక్కువే.

కాగితంపై అంకె, రోడ్డుపై అంకె

కంపెనీలు చెప్పే మైలేజీ ల్యాబ్‌లో, నిర్ణీత డ్రైవింగ్ సైకిల్ ప్రకారం కొలిచినది. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఏసీ వాడరు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని నలుగురితో వెళ్లే కారుకు ఆ అంకె రాదు. ఈ మాట పెట్రోలు కారుకు, హైబ్రిడ్‌కు రెండింటికీ వర్తిస్తుంది.

మరో చిక్కు కూడా ఉంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క అసలు ఆదాను సరిగా చూపదు. మైలేజీ 12 నుంచి 16కు పెరిగితే 1,000 కిలోమీటర్లకు దాదాపు 21 లీటర్లు మిగులుతాయి. అదే 4 కిలోమీటర్ల పెంపు 23 నుంచి 27కు జరిగితే మిగిలేది 6 లీటర్ల పైచిలుకు మాత్రమే. అందుకే ఏడాదికి ఎన్ని లీటర్లు తగ్గుతాయో చూడాలి.

మూడు రకాల లెక్కలు

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయలు, ఏడాదికి 15,000 కిలోమీటర్ల ప్రయాణం, రెండు మోడళ్ల మధ్య ధర తేడా 4 లక్షల రూపాయలు అనుకుందాం.

– ధృవీకృత మైలేజీ (18.4, 27.13) ప్రకారం ఏడాదికి సుమారు 262 లీటర్లు, అంటే 28,000 రూపాయలు మిగులుతాయి. తేడా రాబట్టుకోవడానికి 14 ఏళ్లు పడుతుంది.

– రద్దీ నగరంలో పెట్రోలు ఆటోమేటిక్ 12, హైబ్రిడ్ 20 ఇస్తే మిగిలేది 500 లీటర్లు, అంటే 53,500 రూపాయలు. ఏడున్నర ఏళ్లు చాలు.

– ఎక్కువగా హైవేపై తిరుగుతూ 17, 21 చొప్పున వస్తే ఆదా 168 లీటర్లు, అంటే 18,000 రూపాయలు. 22 ఏళ్లు పడుతుంది.

ఆ అదనపు 4 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ల రుణంగా తీసుకుంటే వడ్డీయే దాదాపు 98,000 రూపాయలు. అప్పుడు రాబట్టుకోవాల్సింది 5 లక్షలు.

ఇతర ఖర్చులు

లైఫ్ ట్యాక్స్ కారు ధరలో శాతంగా ఉంటుంది. బీమాలో సొంత నష్టానికి కట్టే ప్రీమియం కూడా కారు విలువను బట్టే ఉంటుంది. కాబట్టి హైబ్రిడ్‌కు ఈ రెండూ ఎక్కువే. థర్డ్ పార్టీ ప్రీమియంలో హైబ్రిడ్లకు 7.5 శాతం రాయితీని 2022లో కేంద్రం ప్రకటించింది. 1,000 నుంచి 1,500 సీసీ కార్ల ప్రీమియం 3,416 రూపాయలు కాగా, రాయితీ దాదాపు 256 రూపాయలే.

బ్రేక్ ప్యాడ్లు హైబ్రిడ్‌లో నెమ్మదిగా అరుగుతాయి. ఆయిల్, ఫిల్టర్ల ఖర్చు మాత్రం తప్పదు. ఎందుకంటే ఇంజిన్ ఉంది. కొనేవారిని ఎక్కువగా భయపెట్టేది హైబ్రిడ్ బ్యాటరీ. దానికి హోండా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఈ గడువు ఎంత మిగిలిందో తప్పక చూసుకోవాలి. బ్యాటరీ వల్ల డిక్కీ కూడా తగ్గుతుంది. పెట్రోలు సిటీలో 506 లీటర్లు ఉంటే, హైబ్రిడ్‌లో 306 లీటర్లే.

పన్ను ఎవరి వైపు?

2025 సెప్టెంబర్ 22 వరకు ఈ సైజు హైబ్రిడ్లపై జీఎస్టీ, సెస్ కలిపి 43 శాతం, 1.5 లీటర్ల పెట్రోలు సెడాన్లపై 45 శాతం ఉండేది. కొత్త విధానంలో రెండూ 40 శాతమే. పన్ను తగ్గినా, పెట్రోలు కారుపై హైబ్రిడ్‌కున్న 2 శాతం వెసులుబాటు పోయింది. ఎలక్ట్రిక్ కార్లపై మాత్రం 5 శాతమే. రాష్ట్రాల విధానాలూ వేర్వేరు. ఉత్తరప్రదేశ్ 2024 జూలైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించింది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ ప్రకటించిన మినహాయింపు ఎలక్ట్రిక్ వాహనాల కోసం.

ఎవరికి లాభం?

నగరంలోనే ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి పై లెక్కన 89,000 రూపాయలు మిగులుతాయి. నాలుగున్నరేళ్లలో ధర తేడా తీరిపోతుంది. అదే నగరంలో 8,000 కిలోమీటర్లే తిరిగితే 14 ఏళ్లు కావాలి. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలు లేని అపార్ట్‌మెంట్‌వాసులకు, రోజూ ట్రాఫిక్‌లో గంటల తరబడి గడిపేవారికి హైబ్రిడ్ సరైన ఎంపిక. ఆఫీసుకు మెట్రోలో వెళ్తూ, పండగలకు సొంతూరు వెళ్లడానికే కారు తీసేవారికి ఇంధన ఆదా ఒక్కటే కారణమైతే, మామూలు పెట్రోలు కారే చౌక.