ఏదుపంది దాచిన ఎముకలు

ఆత్మకూరు నుంచి బైర్లూటి మీదుగా దోర్నాల పోయే దారిలో ఊరు దాటిన కాసేపటికే నల్లమల మొదలవుతుంది. పులి, చిరుత, దుప్పి, కణుజు, కొండగొర్రె, అడవిపంది, ఎలుగుబంటి అన్నీ ఉన్న అడవి. ఏటా అందులో ఎన్ని జంతువులు చస్తాయో లెక్కలేదు. అయినా రోజంతా తిరిగినా ఒక నిండు అస్థిపంజరం కంటబడితే గొప్ప. పులి తిని వదిలింది దుమ్ములగొండి పాలవుతుంది. దాని దవడకు తొడ ఎముక కూడా ఆగదు. మిగిలిన తునకలను ఏదుపంది కొరుక్కుంటుంది. చీమలు, పురుగులు, కంటికి కనబడని సూక్ష్మజీవులు తమ వంతు తీసుకుంటాయి. వాన పడితే ఆకుచెత్తలోంచి దిగే నీరు కొంచెం ఆమ్లగుణం పట్టి ఎముకలోని కాల్షియం ఫాస్ఫేటును మెల్లగా కరిగిస్తుంది. శిలాజం అంటే ఇంత పెద్ద విందులో ఎవరి నోటికీ చిక్కని ముద్ద.

అలా చిక్కకుండా పోవడానికి మామూలుగా చెప్పే దారి ఒకటుంది. చచ్చిన జీవి వెంటనే బురదలోనో ఇసుకలోనో పూడిపోవాలి. గాలి తగలకూడదు. మెత్తని భాగాలు కుళ్లిపోయినా ఎముక, పన్ను, చిప్ప నిలుస్తాయి. భూగర్భజలం తనతో తెచ్చిన సిలికానో కాల్సైటో వాటి సన్నని రంధ్రాల్లో పేరుకుంటుంది, కొన్నిచోట్ల అసలు పదార్థం స్థానాన్నే ఆక్రమిస్తుంది. ఆకారం అదే, సరుకు వేరు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ ఈ దారిన వచ్చినదే. ప్రాణహిత-గోదావరి లోయలో, యామనపల్లి దగ్గర దొరికిన ఈ జురాసిక్ కాలపు రాక్షసబల్లికి పి. యాదగిరి 1988లో కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు.

నంద్యాల జిల్లా రాళ్లలో మాత్రం ఎంత తవ్వినా రాక్షసబల్లి దొరకదు. వెతకడంలో లోపం కాదు, రాళ్ల వయసు అలాంటిది. నల్లమల కొండల గట్టి క్వార్ట్‌జైట్ రాయి ఒకప్పటి సముద్రపు ఇసుక. అలలు గీసిన చారలు అందులో అక్కడక్కడ ఇంకా కనిపిస్తాయి. కానీ ఆ అలలు కొట్టే నాటికి లోకంలో ఎముక అన్నదే లేదు. ఈ ప్రాంతపు రాళ్లను పొరలు పొరలుగా వర్గీకరించి భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో గ్రంథం వెలువరించాడు. ఆ రాళ్లకు స్థిరపడిన పేర్లు చదువుతుంటే మనవాళ్లకు బస్సు రూటు గుర్తొస్తుంది: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. ప్రపంచంలో ఎక్కడి భూగర్భ శాస్త్రవేత్త అయినా ఈ రాళ్ల గురించి రాయాలంటే మన ఊళ్ల పేర్లు రాయాల్సిందే.

ఎముక లేని కాలంలో ఏం మిగులుతుంది? జీవి మిగలకపోయినా అది కట్టిన కట్టడం మిగలవచ్చు. కడప జిల్లా వేంపల్లె పేరు పెట్టుకున్న రాతి పొర అక్కడి నుంచి తాడిపత్రి, డోన్ ప్రాంతాల దాకా వంపు తిరిగి సాగుతుంది. ఎక్కువ భాగం డోలమైట్. ఆ పొరల్లో గుండ్రంగా, గోపురాల్లా, స్తంభాల్లా ఉబికిన ఆకారాలున్నాయి. విరిగిన చోట చూస్తే గీత మీద గీతగా సన్నని వంపులు. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు. లోతు లేని సముద్రపు అడుగున నీలి-ఆకుపచ్చ సూక్ష్మజీవులు జిగట చాపలా పరుచుకునేవి. కదలివచ్చిన సున్నపు రేణువులు ఆ జిగటకు అంటుకునేవి. పైన మట్టి కప్పేసరికి వెలుతురు కోసం జీవులు మళ్లీ పైకి పాకేవి, కొత్త చాప వేసేవి. ఇలా తరాల తరబడి. ఆ జీవుల శరీరాలు దాదాపు ఎక్కడా మిగల్లేదు, వాటి అలవాటు మాత్రం రాయి అయింది. వేంపల్లె పొరల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లకు తక్కువ కాదని, పులివెందుల దగ్గర అదే రాతి వరుసలోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలల వయసును బట్టి తేలింది. తుమ్మలపల్లె యురేనియం గని ఉన్నది ఈ డోలమైట్‌లోనే, ఆ ఖనిజం పట్టిన పొరల్లోనూ స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. మనం కూడా పీల్చే ఆక్సిజన్‌ను గాలిలో నింపే పని మొదలుపెట్టింది ఈ జాతి జీవులే కాబట్టి, రాక్షసబల్లి లేదని చిన్నబుచ్చుకోవాల్సిన పనేమీ లేదు.

కొన్నిసార్లు ఒళ్లు కూడా మిగులుతుంది. అవుకు షేల్‌లో, స్ప్రింగులా చుట్టుకుని ఉండే ఒబ్రుచెవెల్లా అనే సూక్ష్మజీవి శిలాజాలను లక్నోలోని బీర్బల్ సహానీ సంస్థ పరిశోధకులు 2012లో వివరించారు. కన్నుతో చూసేవి కావు, సూక్ష్మదర్శిని కావాలి. కన్నుకు భలేగా కనిపించేది మరొకటుంది, అది శిలాజం కాదు. సున్నపురాళ్ల పొరలు విడదీసినప్పుడు ఒక్కోసారి నల్లటి ఫెర్న్ ఆకు అచ్చు పడినట్టు కనబడుతుంది. రాతి పగుళ్లలో దిగిన నీరు వదిలిన మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు కొమ్మలు కొమ్మలుగా పెరిగిన ముగ్గు అది. ఇంటి నాపరాయి మీద అలాంటిది కనిపించి ఆదికాలపు చెట్టనుకున్నవాళ్లు చాలామందే ఉంటారు.

అసలు ఎముకల కథ బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఉంది. రాయి నార్జి సున్నపురాయి, చాలా పాతది. గుహలోని మట్టి, ఎముకలు మాత్రం నిన్నమొన్నటివి, భూమి లెక్కలో. కెప్టెన్ న్యూబోల్డ్ ఈ ఎముకల సంగతి 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. తర్వాత నాలుగు దశాబ్దాలు పట్టించుకున్నవారు లేరు. చివరికి లండన్ నుంచి జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించడంతో, 1884లో జియలాజికల్ సర్వేకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇక్కడికి వచ్చాడు. 1863లో పల్లావరంలో రాతి పనిముట్టును గుర్తించి, భారతదేశ ప్రాచీన మానవుడి చరిత్రకు తలుపు తీసింది ఆయనే. తరువాతి ఏడు పనిని ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న హెన్రీ కొనసాగించాడు. గుహలకు ఫుట్ పెట్టిన పేర్లు కేథెడ్రల్, చాప్టర్ హౌస్, పర్గేటరీ, ఛార్నెల్ హౌస్. చివరిది శవాల ఎముకలు పోసి ఉంచే కొట్టు. పాదిరి ఇంటి మాటలు తెచ్చి మన కొండకు అంటించినా, ఆ చివరి పేరు మాత్రం అతికింది.

దొరికిన ఎముకలను శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ లిడెకర్ పరిశీలించి 1886లో ప్రచురించాడు. ఒక ఖడ్గమృగానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని, ఒక అడవిపందికి సస్ కర్నూలియెన్సిస్ అని, ఒక పునుగుపిల్లికి వివెర్రా కర్నూలియెన్సిస్ అని పేర్లు పెట్టాడు. కర్నూలు గడ్డ మీద ఖడ్గమృగం మేసిందన్నమాట. నేడు దాని బంధువును చూడాలంటే అస్సాం పోవాలి.

ఇన్ని ఎముకలు గుహలోకి ఎలా చేరాయి? అన్నీ అక్కడే చచ్చినవి కావు. గబ్బిలాలు పైనుంచి రాలాయి. గుడ్లగూబ ఎలుకను పూర్తిగా మింగి, బొచ్చు, ఎముకలను ఉండ చేసి కక్కుతుంది. ఏళ్ల తరబడి అలా ఒకే చోట కూర్చుంటే కింద వేలాది ఎలుక పళ్లు పోగవుతాయి. చిరుత, దుమ్ములగొండి వేట మిగులును లోపలికి ఈడ్చుకొస్తాయి. అందరికన్నా శ్రద్ధగలది ఏదుపంది. ఎక్కడెక్కడి ఎముకలో మోసుకొచ్చి గవిలో పోగేసి, తీరిగ్గా కొరుకుతుంది. దాని ముందు పళ్ల గాట్లకూ మనిషి చెక్కిన గుర్తులకూ తేడా కనిపెట్టడం పురావస్తు పరిశోధకులకు ఈనాటికీ పెద్ద పనే. బిల్లసర్గంలో దాని ఎముకలు కూడా ఉన్నాయి.

నిలిపి ఉంచింది మాత్రం సున్నం. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని ఆమ్లగుణం పొందుతుంది. బయట అడవిలో ఎముకను కరిగించే నీరు అలాంటిదే. సున్నపురాయిలోకి దిగాక అదే నీరు రాయిని కరిగించి గుహలు తొలిచింది. కానీ తొలుస్తూ తొలుస్తూ సున్నంతో నిండిపోయింది కనుక లోపలికి చుక్కగా రాలే వేళకు దానికి ఎముకను కరిగించే శక్తి లేదు. పైగా గుహ గాలి తగిలి కార్బన్ డయాక్సైడ్ వదిలేసి, మోసుకొచ్చిన సున్నాన్ని అక్కడే పేర్చింది. నేలలోని ఎర్రమట్టి, ఎముక ముక్కలు, రాతి తునకలు కలిసి ఆ సున్నంతో ఒకే గట్టి గడ్డగా పట్టుకున్నాయి. ఎండ లేదు, వాన లేదు, వేడి కూడా ఏడాది పొడవునా పెద్దగా మారదు. కోటసారస్‌లా ఈ ఎముకలు పూర్తిగా రాయి కావలసిన పనే పడలేదు. చాలావరకు ఎముకగానే ఉండి బతికిపోయాయి.

ఈ గుహల్లో మళ్లీ తవ్వకాలు జరిగాయి. ప్యాట్రిక్ రాబర్ట్స్, మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ తదితరుల బృందం 2014లో ఫలితాలు ప్రకటించింది. గత 2 లక్షల ఏళ్ల పొరల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 నేటికీ ఉపఖండంలో ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాయి. ఆ కాలంలోనే, 74,000 ఏళ్ల కిందట, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలి బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో మందంగా బూడిద పోసింది. ఆ బూడిదకు కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరికాయి. ఎండాకాలాలు, కరవులు, మనుషులు, చివరికి సేద్యం అన్నీ వచ్చాయి, జంతువులు మాత్రం చోట్లు మార్చుకుని నెట్టుకొచ్చాయి.

ఈ లెక్కను జనాభా లెక్కలా చదవకూడదు. గుహ దగ్గరికి రాని జీవి, గుడ్లగూబకు చిక్కని జీవి, ఏదుపందికి నచ్చని ఎముక ఇందులో ఉండవు. చేపలకు కుందూ నది ఒడ్డున ఏ గవీ దొరకలేదు. అయినా ఈ గుహలు లేకపోతే ఆ మిగిలిన ఇరవై ఒకటో జంతువు సంగతి మనకు తెలిసేది కాదు: అది గెలాడాను పోలిన కోతి. గెలాడా గడ్డి మేసి బతికే కోతి, నేడు ఇథియోపియా ఎత్తైన కొండల మీద తప్ప ఇంకెక్కడా లేదు. దాని చుట్టం ఒకప్పుడు బేతంచెర్ల పరిసరాల్లో తిరిగింది.