ఆలివ్ తోటల్లో నేలకోత: ఆండలూసియా అనుభవం

ఈ భాగం చదివిన తరువాత, ఆలివ్ తోటల్లో అనుసరించిన మూడు నేల యాజమాన్య పద్ధతులను మృత్తికా క్రమక్షయం దృష్ట్యా మీరు పోల్చగలుగుతారు.

చరిత్రకు ఆధారాలు శాసనాలు, దస్తావేజులు మాత్రమే కావు. దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియా కొండవాలుల్లో వందల ఏళ్ల ఆలివ్ చెట్లు చిన్న మట్టిదిబ్బలపై కనిపిస్తాయి. వాటిని ఎవరూ దిబ్బలపై నాటలేదు. వేళ్లు పట్టుకున్న మట్టి మిగిలింది, చుట్టూ ఉన్న నేల కొట్టుకుపోయింది. దిబ్బ ఎత్తు, చెట్టు వయసు ఆధారంగా ఎంత మట్టి పోయిందో పరిశోధకులు అంచనా వేస్తారు.

దుక్కి: అక్కడ వేసవిలో వానలు దాదాపు ఉండవు. శీతకాలపు తేమే చెట్టుకు ఆధారం. కలుపు ఆ తేమను పీల్చేస్తుందని రైతులు పదేపదే దున్నేవారు. గడ్డిపరక లేని తోటే మంచి సేద్యానికి గుర్తు. కంచరగాడిదల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాక దుక్కి సులువైంది, తరచైంది. వదులైన మట్టి వాలు కిందికి జారింది.

దున్నకుండా కలుపు మందులు: 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇది వ్యాపించింది. దున్నకపోతే కోత తగ్గాలి కదా అని మీరు అనుకోవచ్చు. కాని బోడి నేల పైపొర గట్టిపడి, వాన నీరు ఇంకక పారిపోయింది. కార్డోబా ప్రాంతపు ప్రయోగాల్లో ఈ పద్ధతిలోనే మట్టి అత్యధికంగా పోయింది. దుక్కి రెండో స్థానంలో నిలిచింది.

గడ్డి కప్పు: చెట్ల వరుసల మధ్య వానల కాలంలో గడ్డిని పెరగనిచ్చి, వసంతంలో కోస్తారు. ఆ ప్రయోగాల్లో అతి తక్కువ మట్టి పోయింది ఇక్కడే. అయితే కోత ఆలస్యమైతే గడ్డి చెట్టుతో నీటికి పోటీపడి దిగుబడి తగ్గిస్తుంది. అంటే రైతుల భయం నిరాధారం కాదు.

ప్రభుత్వ విధానాల పాత్రనూ గమనించండి. 1986లో స్పెయిన్ యూరోపియన్ సముదాయంలో చేరాక ఉత్పత్తిని బట్టి అందిన రాయితీలు ఆలివ్ సాగు విస్తరణకు తోడ్పడ్డాయి. 2003 సంస్కరణలు రైతుకు చెల్లింపులను నేల సంరక్షణ షరతులతో ముడిపెట్టాయి.

దీన్నిబట్టి అసలు ప్రశ్న దున్నామా, లేదా అన్నది కాదు. వాన పడేటప్పుడు నేలపై కప్పు ఉందా అన్నది. పోయిన మట్టి ఒక తరంలో తిరిగి రాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: దున్నని నేలలోనూ క్రమక్షయం ఎందుకు పెరిగింది? ఐదు వాక్యాల్లో రాయండి.