అసిట్రామ్ గోలీ, ముంబై తెలుగు చాళ్లు

కృత్రిమ గుండె కవాటం పెట్టించుకున్నవారు, కవాటం ఇరుకై గుండె లయ తప్పినవారు ఏళ్లకేళ్లు, చాలామంది జీవితాంతం, వేసుకోవాల్సింది రక్తం పల్చన చేసే గోలీ. పేరు అలా స్థిరపడింది గానీ అది చేసేది గడ్డకట్టడాన్ని ఆలస్యం చేయడమే. మన దేశంలో ఎక్కువగా రాసేది అసినోకౌమరాల్. మందుల షాపులో జనం అడిగేది మాత్రం అసిట్రామ్ అని. వార్ఫరిన్ కూడా ఆ జాతిదే. మోతాదు మార్చకపోయినా వీటి ప్రభావం మారుతుంటుంది. నాలుగు రోజులు జ్వరం వచ్చి తిండి తగ్గితే చాలు, నెలల తరబడి కుదురుగా ఉన్న లెక్క తప్పుతుంది. ముంబై తెలుగువాళ్ల ఇళ్లలోకి ఈ గోలీ రావడానికి ఒక కారణం అక్కడి ఇరుకు గదులైతే, దాన్ని అదుపులో ఉంచుకోవడం కష్టం కావడానికి కారణం వలస.

1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పడి పల్లపు నేలల్లోకి సముద్రం రావడం ఆగాక, మెరక చేసిన భూముల్లో వెలిసిన పేటల్లో కామాటిపుర ఒకటి. నిజాం రాజ్యం నుంచి వచ్చి మట్టి మోసి, రాయి కొట్టి, గోడలు లేపిన కామాటీల పేరే దానికి నిలిచింది. బట్టల మిల్లులు వచ్చాక తెలంగాణ పద్మశాలీలు ఇంటి మగ్గాలు వదిలి పరేల్, వర్లీ వైపు చేరారు. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీల రాక ఏ దశలోనూ ఆగలేదు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డైరెక్టరేట్ వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, లోయర్ పరేల్‌లో 32, శివ్డీలో 12, మొత్తం 207 చాళ్లు (ఒంటిగది ఇళ్ల భవనాలు) కట్టింది. గది 160 చదరపు అడుగులు. వంట, పడక, చంటిపిల్ల ఉయ్యాల అన్నీ అందులోనే. మరుగుదొడ్లు అంతస్తు మొత్తానికి ఉమ్మడి. కామాటిపుర గల్లీల్లో గదులు ఇంతకన్నా విశాలమేమీ కాదు.

ఇలాంటి గదిలో ఒక పిల్లవాడికి స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతు నొప్పి వస్తే పక్కన పడుకున్నవాళ్లకు అంటుకోవడం తేలిక. ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల వయసులో, కొందరిలో అది రుమాటిక్ జ్వరంగా మారి కీళ్లను కొన్నాళ్లు బాధించి పోతుంది, గుండెకు మచ్చ మిగిల్చి పోతుంది. మైట్రల్ కవాటం ఏళ్ల తరబడి బిగుసుకుంటూ వచ్చి, పాతికేళ్లకో ముప్ఫై ఏళ్లకో, ఆడవాళ్లలో చాలాసార్లు కాన్పు సమయంలో, ఆయాసంగా బయటపడుతుంది. 21 రోజులకోసారి పెనిసిలిన్ సూది వేయించుకుంటే జబ్బు చాలావరకు తిరగబెట్టదు. కానీ నొప్పి లేని పిల్లను కూలి పోగొట్టుకుని సూదికి తీసుకెళ్లడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అలా ముదిరిన కవాటాలకు 1950లలోనే పరేల్ కేఈఎం ఆసుపత్రిలో శస్త్రచికిత్సలు మొదలయ్యాయి. 1960లో అమెరికాలో స్టార్-ఎడ్వర్డ్స్ కృత్రిమ కవాటం వచ్చింది. 1990 డిసెంబరులో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసిన కవాటాన్ని తొలిసారి మనిషికి అమర్చడంతో స్వదేశీ కవాటం చవకగా అందే దారి పడింది. లోహపు కవాటం పెట్టిన ప్రతి మనిషికీ జీవితాంతం గోలీ తప్పదు.

ఆ గోలీ పుట్టుక గొడ్ల కొట్టంలో జరిగింది. 1920లలో కెనడాలో, ఉత్తర అమెరికా మైదానాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చనిపోయాయి. 1933 ఫిబ్రవరిలో ఎడ్ కార్ల్‌సన్ అనే విస్కాన్సిన్ రైతు చచ్చిన పెయ్యనూ, పాల క్యానులో గడ్డకట్టని రక్తాన్నీ మంచు తుపానులో ట్రక్కులో వేసుకుని మాడిసన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని డైకుమరాల్‌ను 1939లో విడదీసింది. దాని నుంచి వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా బజారుకెక్కింది. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే 2, 7, 9, 10 అనే గడ్డకట్టే కారకాల ఉత్పత్తిని ఈ జాతి గోలీలు అడ్డుకుంటాయి. ఆకుకూరలు తిన్నప్పుడొక తీరు, తిననప్పుడొక తీరు కావడం అందుకే.

మోతాదు సరిపోయిందో లేదో చూసే పరీక్షను ఆర్మండ్ క్విక్ 1935లో రూపొందించాడు. రక్తరసంలో థ్రాంబోప్లాస్టిన్, కాల్షియం కలిపి ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో చూస్తారు. చిక్కంతా థ్రాంబోప్లాస్టిన్‌తో వచ్చింది. అది కుందేలు మెదడు నుంచో, మరో కణజాలం నుంచో తీసిన సరుకు కాబట్టి ఒక్కో కంపెనీది ఒక్కో పదును. ఒకే రక్తం ఒక ల్యాబులో 20 సెకన్లు, ఇంకోచోట 30 సెకన్లు చూపవచ్చు. ఒకే ఊళ్లో, ఒకే ఆసుపత్రిలో చూపించుకునే మనిషికి దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. ఎండాకాలం పెళ్లిళ్లకు, బోనాలకు, పంట పనులకు ఊరెళ్లి నెలల తర్వాత ముంబై తిరిగొచ్చే కుటుంబానికి మాత్రం పరేల్ కాగితం మహబూబ్‌నగర్‌లో చెల్లని నాణెం అయ్యేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్‌ఆర్ పద్ధతిని ఆమోదించింది. థ్రాంబోప్లాస్టిన్ పదునును ఐఎస్‌ఐ అనే అంకెగా కట్టి, సెకన్ల నిష్పత్తిని దానితో సరిచేస్తారు. అప్పటినుంచి ఏ ఊరి ల్యాబైనా ఒకే భాషలో ఫలితం చెప్పగలదు. వలస మనిషికి ఈ మందు చరిత్రలో ఇంతకు మించిన మేలు జరగలేదు. చాలామందికి మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉంటే ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5, అయోర్టిక్ స్థానంలో ఉంటే 2 నుంచి 3 ఉండాలని డాక్టర్లు చూస్తారు.

వైద్యం ఎవరి ఖర్చుతో అన్నది వేరే కథ. మిల్లు కార్మికుడికి ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉండేది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది దిగారు. మిల్లులు ఒక్కటొక్కటిగా మూతపడ్డాక నౌకరీతో పాటు ఈఎస్‌ఐ హక్కూ పోయింది. కొందరు భివండి పవర్‌లూముల దారి పట్టారు. మిగిలినవాళ్లకు కేఈఎం, నాయర్, సయన్ వంటి మున్సిపల్ ఆసుపత్రులే దిక్కు. 2007 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పేదల ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ మొదట అమలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెల్ల రేషన్ కార్డు ఊళ్లో ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లో కవాటం మార్పించుకునే వీలు చిక్కింది. మహారాష్ట్ర పథకం 2012 జూలైలో వచ్చినా, అక్కడి రేషన్ కార్డు లేని కుటుంబానికి అందలేదు. ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, ఆ తర్వాత నెలనెలా నెత్తురు పరీక్ష ఇంకో రాష్ట్రంలో.

జ్వరం వచ్చినప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందన్నది అన్నిటికన్నా చూడదగ్గ సంగతి. తెలుగు ఇళ్ల పాత పద్ధతి ముందు లంఖణం, తర్వాత పథ్యం: గంజి, చారన్నం, బీరకాయ. తోటకూర, పుంటికూర, మునగాకు ఆ పది రోజులు పొయ్యి మీదికి రావు. విటమిన్ కె రాక తగ్గుతుంది. జ్వరం గడ్డకట్టే కారకాలను త్వరగా హరిస్తుంది. విరేచనాలైతే తిన్న కాస్త విటమిన్ కూడా ఒంటికి పట్టదు. మెట్రోనిడజోల్, కోట్రిమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్‌లు గోలీని ఒంట్లోంచి త్వరగా పోనివ్వవు. రోజూ వేసుకునే పారాసిటమాల్ సైతం ఐఎన్‌ఆర్‌ను కొంత పెంచుతుంది. ఇన్ని కారణాలూ ఒకే దిక్కుకు నెడతాయి: 3 దగ్గర ఉన్న అంకె 6 దాటవచ్చు. కోలుకుని ఆకుకూరలు మళ్లీ కంచంలోకి వచ్చాక అది కిందికి దిగుతుంది. జ్వరంలో తగ్గించిన మోతాదునే అప్పుడూ కొనసాగిస్తే కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం. అందుకే జబ్బు మొదలైన మూడు నుంచి ఐదు రోజుల్లో ఒకసారి, కోలుకున్నాక వారానికి ఇంకోసారి పరీక్ష చేయించి డాక్టరు చెప్పినట్టు గోలీ సరిచేసుకోవాలి. వర్షాకాలపు జ్వరం డెంగీ అయితే ప్లేట్‌లెట్లూ పడిపోతాయి. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, ఎర్రటి మూత్రం, నల్లటి విరేచనం కనిపిస్తే పరీక్ష కోసం ఆగకుండా దవాఖానకు పోవాల్సిందే. ఒంటి నొప్పులకు కిరాణా కొట్లో దొరికే ఆస్పిరిన్, డైక్లోఫినాక్ గోలీలు వీళ్లకు పనికిరావు.

అసినోకౌమరాల్ వార్ఫరిన్ కన్నా చాలా త్వరగా ఒంట్లోంచి పోతుంది. ఒక్క పూట మరిచినా తేడా త్వరలోనే తెలుస్తుంది. అందుకే ఇంట్లో నోటుబుక్కు తప్పదు: తేదీ, ఐఎన్‌ఆర్, ఆ వారం మోతాదు, పక్కన వేసుకున్న ఇతర మందులు. గోలీ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. ఒక రోజు 2, మరుసటి రోజు 3 అని రాసినప్పుడు రెండు స్ట్రిప్పులు కలిసిపోకుండా వేర్వేరు డబ్బాల్లో పెట్టుకోవాలి. నీలం మూత గొట్టంలో తీసే రక్తానికీ ఓ లెక్కుంది. 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్‌కు 2.7 మిల్లీలీటర్ల రక్తం పడాలి. గొట్టం సగమే నిండితే అంకె అసలు కన్నా ఎక్కువగా వస్తుంది. హడావిడిగా తీసిన రక్తం చూపే అబద్ధానికి మోతాదు తగ్గించడమూ ప్రమాదమే.

క్షయ ఈ లెక్కను వెనక్కి తిప్పుతుంది. చాళ్లలో, ధారావిలో ఆ జబ్బు కొత్తది కాదు. క్షయ మందు రిఫాంపిసిన్ ఈ గోలీ ప్రభావాన్ని బాగా తగ్గిస్తుంది, మోతాదు రెండింతలు చేసినా ఒక్కోసారి చాలదు. ఆరు నెలల కోర్సు ముగిసి రిఫాంపిసిన్ ఆపిన కొద్ది వారాల్లో ఆ పెంచిన మోతాదే విషంలా పనిచేస్తుంది. క్షయ మందులిచ్చే కేంద్రం ఒకటి, గుండె డాక్టరు కూర్చునే ఓపీడీ మరొకటి కాబట్టి కోర్సు ఎప్పుడు అయిపోతుందో రెండో డాక్టరుకు చెప్పాల్సింది రోగి ఇంటివాళ్లే.

వేలి కొస నుంచి ఒక చుక్కతో ఇంట్లోనే ఐఎన్‌ఆర్ చూసుకునే పద్ధతి 1980లలో జర్మనీలో మొదలై, 1990లలో చేతిలో పట్టే యంత్రాలతో వ్యాపించింది. భారతదేశంలోనూ అవి దొరుకుతాయి. ఒక్కో స్ట్రిప్ ఖర్చు మున్సిపల్ ఆసుపత్రి పరీక్ష కన్నా ఎక్కువ కావడంతో ఒంటిగది ఇళ్లకు పెద్దగా చేరలేదు. పరీక్షే అక్కర్లేని కొత్త మందులు 2010 నుంచి వచ్చాయి. కానీ లోహపు కవాటం ఉన్నవారిలో డాబిగాట్రాన్ వాడి చూసిన రీ-అలైన్ అధ్యయనంలో గడ్డలూ, రక్తస్రావాలూ ఎక్కువై దాన్ని మధ్యలోనే ఆపేశారు. రుమాటిక్ గుండె జబ్బుతో లయ తప్పిన సుమారు 4,500 మందిపై 24 దేశాల్లో జరిగి 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో రివరాక్సబాన్ కన్నా పాత జాతి మందు వాడినవారిలోనే మరణాలు తక్కువ. భారతీయులూ అందులో ఉన్నారు. కాబట్టి ఈ రెండు రకాల రోగులకూ డాక్టర్లు నేటికీ రాసేది అసిట్రామో, వార్ఫరినో.