వాన ఆదివారం, రెండు మ్యూజియాలు, ఒక చింతచెట్టు

పోయిన ఆదివారం హైదరాబాదులో పొద్దున్నుంచీ ఒకటే వాన. లాప్‌టాప్ తెరుద్దామంటే ఆఫీసు మెయిళ్ళు పలకరిస్తాయని భయం. ఐదో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి "నాన్నా, మమ్మీని చూపిస్తానన్నావ్ కదా, ఎప్పుడు?" అంది. ఆ మాట ఇచ్చి రెండేళ్ళయింది. ఇంక తప్పించుకునే దారి లేక కారు తీశాను. (మన మ్యూజియాలకి సెలవు శుక్రవారం. ఆదివారం చక్కగా తెరిచే ఉంటాయి.)

ముందు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియం. జనం పెద్దగా లేరు. ఈజిప్టు మమ్మీ గాలి చొరబడని అద్దాల పెట్టెలో ఉంది. దాన్ని ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కి ఇచ్చాడట. ఆయన తన దగ్గర ఉంచుకోకుండా మ్యూజియానికి ఇచ్చేశాడు. ఎక్కడి నైలు నది, ఎక్కడి నాంపల్లి! మా అమ్మాయి చాలాసేపు చూసి, "పాపం, ఇంటికి చాలా దూరంగా ఉంది" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అక్కణ్ణుంచి సాలార్‌జంగ్. మేం వెళ్ళేసరికి రెండు కావస్తోంది. గడియారం ముందు ఎప్పటిలాగే జనం మూగి ఉన్నారు. బుల్లి మనిషి బయటికొచ్చి రెండు గంటలు కొట్టి లోపలికి పోయాడు. పిల్లల కంటే పెద్దవాళ్ళే ఎక్కువ చప్పట్లు కొట్టారు. పైన ముసుగు రెబెక్కా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కినది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. వానలో తడిసి వచ్చామేమో, ఆ పాలరాతి ముసుగు కూడా తడిసి మొహానికి అంటుకున్నట్టే అనిపించింది.

మిగతా సరంజామాలో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిందే. 1912 నుంచి 1914 దాకా నిజాం దగ్గర దివానుగా చేసి తప్పుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. వస్తువులు కొంటూ గడిపి 1949లో పోయాడు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ఈ మ్యూజియాన్ని తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా గుర్తించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. వారసులు తలా ఇంత పంచుకుని అమ్ముకుని ఉంటే ఇవాళ ఇదంతా ఏ లండన్ వేలంపాటల్లోనో చెల్లాచెదురై ఉండేది. ఇంత ఆస్తి పంపకం ఇలా ముగియడం మన దగ్గర ఎన్నిసార్లు చూశాం చెప్పండి!

బయటికొచ్చేసరికి వాన తగ్గింది. నయాపుల్ మీదుగా నడిచి అవతలి ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ మ్యూజియం ఏమీ లేదు, నది వైపు ఒక చింతచెట్టు ఉంది. టికెట్టూ లేదు, గైడూ లేడు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పైనున్న పరీవాహక ప్రాంతంలో ఏడొందలకు పైగా చెరువులుంటే, వాటిలో రెండొందలకు పైగా తెగాయి. ఒకటి తెగితే ఆ నీళ్ళు కింద చెరువు మీద పడి అదీ తెగింది. మా భాషలో చెప్పాలంటే ఒక సర్వర్ పడిపోయి దాని లోడంతా పక్కదాని మీద పడినట్టు. పోయినవాళ్ళు దాదాపు 15 వేల మంది అంటారు. ఆ రోజు ఈ చెట్టెక్కి కూర్చున్నవాళ్ళు సుమారు నూటయాభై మంది బతికారు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన మహళ్ళ తలుపులు జనానికి తెరిచాడు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. నదికి గట్లు కట్టి ఊరుకుంటే సరిపోదు, వరదని ఊరికి పైనే ఆపాలన్నది ఆయన లెక్క. అలా వచ్చినవే 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ వదలడని సామెత చెప్పుకుని మురిసిపోతాం గానీ, ఆ గండిపేట చెరువు 15 వేల చావుల తర్వాత వచ్చిందని ఎంతమందికి గుర్తుంటుంది?

ఇదంతా చెబుతుంటే మా అమ్మాయి అడిగింది: "మరి మన సెల్లార్‌లోకి నీళ్ళెందుకొచ్చాయి నాన్నా?"

2020 అక్టోబరు వానల సంగతి అది. మా అపార్ట్‌మెంట్ పేరులో లేక్ ఉంది, లేక్ మాత్రం లేదు. కొనేటప్పుడు వాస్తు అడిగాను, పార్కింగ్ అడిగాను, బ్యాంకు వడ్డీ అడిగాను. పక్కనున్న చెరువు హద్దు ఎక్కడిదాకా అని మాత్రం అడగలేదు. సెల్లార్ మునిగిన రోజు బిల్డర్ని తిట్టాను, అధికారుల్నీ తిట్టాను. నన్ను నేను తిట్టుకోవడం మర్చిపోయాను. ఆ మాటే దానికి చెప్పాను, కాస్త సిగ్గుపడుతూనే.

కృతజ్ఞత అంటే థాంక్స్ చెప్పి వచ్చేయడం అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. దాచిపెట్టి ఇచ్చినవాళ్ళు తమ పని చేసి వెళ్ళారు. అద్దాల పెట్టెలో ఉన్నవాటికి కాపలా ఉంది, బయట ఉన్న చెరువులకీ నాలాలకీ మనమే కాపలా. వచ్చే శనివారం మా చెరువు హద్దుల మ్యాపు కోసం ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెడదామనుకుంటున్నాను. తీరా నా ఫ్లాటే హద్దు లోపల ఉందని తేలితే ఏం చేయాలో ఇంకా తెలియదు. అయినా తెలుసుకోవాలి కదా!

వెళ్ళేముందు మా అమ్మాయి చెట్టు బెరడు మీద కాసేపు చెయ్యి పెట్టింది. తడిగా ఉంది. నేనూ పెట్టాను.