పాటకు ఊరూ పేరూ



మన బెంటన్‌విల్‌లో పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి నాష్‌విల్ చేరుకోవచ్చు. అక్కడి కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియాన్ని 1967లో తెరిచారు. ఎల్విస్ ప్రెస్లీ కాడిలాక్ కారు కూడా అందులోనే ఉంది. అయితే ఆ సంగీతానికి పునాది వేసినవాళ్ళలో పల్లెటూళ్ళ ఇళ్ళలో పాడుకున్న మామూలు మనుషులు ఎందరో. వాళ్ళ గొంతులు వినాలంటే అంతదూరం వెళ్ళక్కర్లేదు. మన చుట్టూ ఉన్న ఓజార్క్ కొండలు చాలు.

వాన్స్ రాండాల్ఫ్ ఈ కొండల పాటలు సేకరించి, 1946-50 మధ్య నాలుగు సంపుటాలుగా అచ్చువేయించారు. మనకు అరగంట దూరంలోని ఫయెట్‌విల్‌లో, అర్కాన్సా విశ్వవిద్యాలయంలో మేరీ సెలెస్టియా పార్లర్ అనే అధ్యాపకురాలు పాటలు రికార్డు చేయడమే కాదు, విద్యార్థుల చేత కూడా పల్లె నమ్మకాలూ, కబుర్లూ రాయించారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన మాక్స్ హంటర్ పండితుడు కాదు, ఊళ్ళు తిరిగే సేల్స్‌మన్. టేపు రికార్డరు వెంటేసుకుని 1956 నుంచి 1976 దాకా దాదాపు 1,600 పాటలు పట్టుకున్నాడు. పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసిపెట్టాడు. అందుకే అవి ఇవాళ చరిత్రకు ఆధారాలయ్యాయి.

మన దగ్గరా ఇలాంటివారున్నారు. నేదునూరి గంగాధరం గారు జానపద గేయాలు సేకరించారు. బిరుదురాజు రామరాజు గారు 1950లలో ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధించి డాక్టరేట్ పొందారు. అయినా వాళ్ళ చెవిన పడని పాటలెన్నో. సినిమా పాటలకు రికార్డులున్నాయి, కాసెట్లున్నాయి. మా అమ్మమ్మ పాడిన అప్పగింతల పాటకు ఏముంది? ఆవిడతోనే పోయింది.

వేసవిలో మీ ఇంటికి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తారు కదా. ఒక సాయంత్రం వాళ్ళచేత లాలిపాటో, మంగళహారతో, నాట్లపాటో పాడించండి. ఫోనులో రికార్డు చేయండి. పాటకు ముందు వాళ్ళ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ సందర్భంలో పాడేవారో వాళ్ళ నోటితోనే చెప్పించండి. గొంతు వణికినా, మధ్యలో చరణం మరిచిపోయినా చెరిపేయకండి. ఒక ప్రతి మీ దగ్గర, ఇంకొకటి తోబుట్టువుల దగ్గర ఉంచండి.

రేపు మన పాటలకూ ఒక మ్యూజియం కట్టేవాళ్ళు వస్తే, వాళ్ళకు ఇవ్వడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా! సెలవు.