నవల పక్కన పాట

1795లో బెర్లిన్‌లో గోథే నవల ‘విల్‌హెల్మ్ మైస్టర్’ తొలి సంపుటాలు అచ్చయినప్పుడు, కొన్నవాళ్లకు కథతో పాటు మడతపెట్టిన స్వరలిపి కాగితాలూ దక్కాయి. నవలలో మిన్యోన్ అనే అమ్మాయి, హార్ప్ వాయించే ముసలాయన పాడే పాటలకు స్వరకర్త రైఖార్ట్ కట్టిన బాణీలవి. నవలకు ప్లేలిస్ట్ అన్నది ఫోన్లతో పుట్టిన ముచ్చట అనుకునేవాళ్లు లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. కాకపోతే అప్పటి పాఠకుడు పాట వినాలంటే తానే గొంతెత్తాలి, లేదా ఇంట్లో ఎవరో ఒకరు పియానో ముందు కూర్చోవాలి. ఆ తర్వాత షూబర్ట్, షూమన్, హ్యూగో వోల్ఫ్ అవే మాటలకు తమ బాణీలు కట్టారు. నవల తెరవనివాళ్లకు కూడా మిన్యోన్ పరిచయమైంది.

పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి రచయితకు కృతి పేరు చెబితే చాలయింది. టాల్‌స్టాయ్ 1889లో పూర్తిచేసిన పెద్దకథకు బీథోవెన్ వయొలిన్ సొనాటా పేరే పెట్టేశాడు: ‘క్రాయిట్జర్ సొనాటా’. భార్య ఒక వయొలిన్ విద్వాంసుడితో కలిసి ఆ సొనాటా వాయిస్తుంది, భర్తకు అసూయ రగులుతుంది, చివరికి హత్య. 1923లో చెక్ స్వరకర్త యానాచెక్ ఆ కథను మళ్లీ సంగీతంలోకి మార్చి నాలుగు తీగవాద్యాల కృతి రాశాడు. ప్రూస్ట్ దారి వేరు. ఆయన నవలలో స్వాన్ అనే పాత్ర ప్రేమను మోసే సొనాటా అసలు లోకంలో లేదు, దాన్ని రాసిన వాంతేయ్ కూడా లేడు. అయినా జనం ఊరుకోరు కదా! ఫ్రాంక్‌దని కొందరు, సెయింట్ సాన్స్‌దని కొందరు వెతికారు. తనకు నచ్చని సెయింట్ సాన్స్ సొనాటాలోంచే కొంత తీసుకున్నానని ప్రూస్ట్ 1918లో ఒక మిత్రుడికి రాసిచ్చాడు. ఆ జవాబు తెలియకపోయినా బాగుండేదని నాకనిపిస్తుంది. చదివేటప్పుడు నాలో మోగింది అంతకంటే పెద్దది.

రికార్డులు, టేపులు వచ్చాక రచయితలకు సరదా పుట్టింది. 1967లో టోల్కీన్ పాటలకు డోనల్డ్ స్వాన్ బాణీలు కట్టి పుస్తకంగా, రికార్డుగా తెచ్చాడు. 1985లో ఉర్సులా లె గ్విన్ ‘ఆల్వేస్ కమింగ్ హోమ్’ పెట్టెలో నవలతో పాటు ఒక క్యాసెట్ ఉంది. కాలిఫోర్నియాలో రాబోయే కాలపు కెష్ ప్రజల పాటలవి, ఆమె కల్పించిన భాషలోనివి. సంగీతం టాడ్ బార్టన్‌ది. పదేళ్ల తర్వాత మెక్సికో రచయిత్రి లౌరా ఎస్కివెల్ తన నవలతో సీడీ జతచేసి, ఫలానా చోట ఈ పాట వినమంది.

2009కి జాబితా ఇవ్వడం రివాజులో పడింది. కెమెరాకు దొరకని రచయిత పించన్ తన ‘ఇన్‌హెరెంట్ వైస్’కు అమెజాన్‌లో పాటల జాబితా ఇచ్చాడు. ఎక్కడా లేని, నవలలోనే పుట్టిన బృందాల పాటల్ని కూడా నిజమైనవాటి మధ్య కూర్చోబెట్టాడు, కొంటెతనం! అదే ఏడు టోక్యోలో ఒకప్పుడు జాజ్ కేఫ్ నడిపిన మురకామి ‘1క్యూ84’ను ట్యాక్సీ రేడియోలో వచ్చే యానాచెక్ ‘సిన్ఫోనియెట్టా’తో మొదలుపెట్టాడు. జపాన్‌లో ఆ రికార్డుల కోసం జనం ఎగబడ్డారు. 2011లో చదివే వేగాన్ని బట్టి సంగీతం, చప్పుళ్లు వినిపించే బుక్‌ట్రాక్ వచ్చింది. వాన అన్న మాట దగ్గర వాన చప్పుడు వినిపిస్తే ఇక వాక్యం చేసే పనేముంది?

మనకు ఈ జాబితాలు రచయితలు ఇవ్వలేదు, సినిమా ఇచ్చింది. శరత్ 1917 నాటి ‘దేవదాస్’ను తెలుగులో చదివేవాళ్లకు 1953 సినిమాలోని ఘంటసాల గొంతు వినిపించి తీరుతుంది. సముద్రాల మాటలు శరత్‌వి కావు. సినిమా విడుదల చూడకుండానే పోయిన సుబ్బురామన్ బాణీలూ శరత్ ఊహించినవి కావు. అయినా ఆ పుస్తకం నుంచి వాటిని ఎవరూ విడదీయలేరు. ‘ప్రేమనగర్’ నవలదీ ఇదే కథ.

ఇలాంటి సినిమా పాటలు అంటుకోని నవల ఒకటి ఎంచుకోమంటే, 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో ‘నారాయణరావు’తో బహుమతి పంచుకున్న ‘వేయిపడగలు’ తీసుకుంటాను. అందులో దేవదాసి గిరిక వేణుగోపాలుడి ముందు ఆడే పేజీల పక్కన క్షేత్రయ్య మువ్వగోపాల పదాలు, అవీ దేవదాసీల వంశంలోనే పుట్టిన బాలసరస్వతి గొంతులో ఉండాలి. మిగతా వందల పేజీలకు ఏమీ పెట్టను.