హథియార్ సరే, కాగజ్ ఏదీ?

తొర్రూరులోనే కాదు, వరంగల్ చుట్టుపక్కల ఏ పాత ముస్లిం ఖాందాన్‌ను కదిలించినా ఒక కిస్సా వినిపిస్తుంది. "మా పర్‌దాదా నిజాం ఫౌజులో ఉండె. ఆయనకు సర్కారీ పిస్తోల్ ఉండె." ఆ పిస్తోల్ ఏమైంది? "పోలీస్ యాక్షన్‌ల జమ చేసిండ్రు." ఏ పల్టన్? ఏ ఓహ్దా? ఏ సాలు? రసీదు ఉందా? ఇక్కడికొచ్చేసరికి ఖామోషీ. కిస్సా అబద్ధమని నేననను. గవాహీ లేని కిస్సా అంటాను.

విలాయత్‌లో, అమెరికాలో పాత ఫౌజీ పిస్తోళ్లు సేకరించే షౌకీన్లు ఉన్నారు. వాళ్ల షౌక్ మనకు వింతగా ఉండొచ్చు గానీ వాళ్ల ఉసూల్ నేర్చుకోదగ్గది. "ఇది మొదటి జంగ్‌లో ఫలానా కెప్టెన్ నడుముకు ఉండేది" అని అమ్మేవాడు ఎంత కమ్మగా చెప్పినా వాళ్లు వినరు. ఇనుము ఏమంటోంది, కాగితం ఏమంటోంది, రెండూ ఒకే మాట అంటున్నాయా అని చూస్తారు.

ఉదాహరణకు 1915లో బ్రిటిష్ ఫౌజు తీసుకున్న వెబ్లీ మార్క్ 6 రివాల్వర్. .455 బోరు, ఆరు తూటాలు, మధ్యకు విరిచి నింపుతారు. ఫ్రేము మీద ఉన్న నంబరే సిలిండరు మీదా ఉండాలి. తయారైన సాలు, తనిఖీ ముద్రలు, సర్కారీ సొత్తని చెప్పే బాణం గుర్తు కనిపించాలి. ఫౌజు దాన్ని అమ్మేసినప్పుడు మొనకు మొన తగిలేలా రెండు బాణాలు కొట్టేవాళ్లు. ఆ తర్వాత కాగితాల వంతు: ఎవరికి ఇచ్చారో చెప్పే రిజిస్టరు, ఆయన రాసిన ఖత్, తస్వీర్. కోల్ట్ కంపెనీకి పాత పిస్తోల్ నంబరు పంపి రుసుం కడితే, తన బహీఖాతాలు తిరగేసి అది ఏ తారీఖున ఎవరికి రవానా అయిందో రాసిస్తుంది. ఆ ఖత్ ఉన్నదాని ధర వేరు, లేనిదాని ధర వేరు.

నంబరు ఏం చేయగలదో మన ముల్క్‌లోనే చూశాం. 1928 డిసెంబరు 17న లాహోర్‌లో సాండర్స్‌పై కాల్పుల్లో భగత్ సింగ్ వాడిన పిస్తోల్ .32 కోల్ట్ ఆటోమేటిక్. అది ఫౌజీ ఆయుధం కాదు గానీ మిసాల్‌కు సరిపోతుంది. ముకద్దమా కాగితాల్లో దాని నంబరు రాసి ఉంది: 168896. పిస్తోల్ ఫిల్లౌర్ పోలీస్ ట్రైనింగ్ సంస్థ నుంచి 1969లో ఇందోర్‌లోని బీఎస్ఎఫ్ ఆయుధాల స్కూలుకు వెళ్లింది. అక్కడ మ్యూజియంలో మిగతా వాటి మధ్య నల్లరంగు పూసుకుని ఏళ్ల తరబడి కూర్చుంది. 2016లో రంగు గీకి చూస్తే కాగితంలోని నంబరే బయటపడింది. ఆ కోర్టు కాగితమే లేకపోతే అది నేటికీ పేరులేని ఇనుపముక్కే.

ఇప్పుడు మన పర్‌దాదాల దగ్గరికి వద్దాం. హైదరాబాద్ రియాసత్‌కు బాఖాయిదా ఫౌజు ఉండేది, దానితోపాటు నజ్మె జమీయత్ పేరుతో బేఖాయిదా ఫౌజూ ఉండేది. మొదటి జంగ్‌లో హైదరాబాద్ లాన్సర్లు మిస్ర్, ఫలస్తీన్ దాకా వెళ్లారు. 1941 డిసెంబరులో జపాన్ ఫౌజు మలయాలో దిగినప్పుడు కోటాబారు దగ్గర ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ ఉంది. కాబట్టి ఫౌజు కిస్సాలు ఊరికే పుట్టలేదు. కానీ ఒక్కటి గమనించండి. మామూలు సిపాయి చేతికి ఇచ్చేది రైఫిల్, సవారుకైతే దాంతోపాటు నేజా, తల్వార్. రివాల్వర్ ప్రధానంగా అఫ్సర్ల నడుముకు ఉండేది. పర్‌దాదా సిపాయి అంటూనే పిస్తోల్ కిస్సా చెబితే రెంటిలో ఒకటి సరిచూసుకోవాలి. ఆయన ఓహ్దా మనం అనుకున్నదానికంటే పెద్దదైనా అయ్యుండాలి, ఆ హథియార్ ఇంకో దారిలోనైనా వచ్చుండాలి.

ఇంకో దారులు మన ఇలాఖాలో చాలానే ఉండేవి. తొర్రూరుకు దగ్గర్లోనే పాలకుర్తి, విసునూరు, కడవెండి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చింది దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులు. ఆ తర్వాత దళాలు వడిసెలతో, బర్మార్‌తో మొదలుపెట్టి గడీల తుపాకులు, పోలీసుల తుపాకులు గుంజుకున్నాయి. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో హథియార్లు చేరవేశాడు. దొంగచాటుగా వచ్చే మాలుకు రసీదు ఎవడిస్తాడు? రజాకార్ల చేతుల్లోనూ తుపాకులు ఉండేవి. ఆ ఏడాది ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో వాటితో ఏం చేశారో దాచిపెట్టుకునే హక్కు మనకు లేదు. అంటే ఈ ప్రాంతంలో "నిజాం కాలపు పిస్తోల్" అన్న మాట వెనుక ఇజ్జత్ ఉండొచ్చు, జుల్మ్ ఉండొచ్చు. ఏదో చెప్పగలిగేది కాగితమే. అందుకే కిస్సాలతో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

సెప్టెంబరు 13న పోలీస్ యాక్షన్ మొదలైంది, 17న రియాసత్ లొంగిపోయింది, 18న జనరల్ అల్ ఇద్రూస్ సికింద్రాబాద్‌లో ఫౌజును జనరల్ చౌధురికి అప్పగించాడు. తర్వాత జరిగిన ఖత్ల్‌పై పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ఉన్న కమిటీ నివేదిక ఇచ్చింది. తక్కువలో తక్కువగా వేసినా 27,000 నుంచి 40,000 మంది పోయారని అందులో ఉంది. ముస్లింల దగ్గర హథియార్లు తీసుకుని, హిందువుల దగ్గర చాలాచోట్ల వదిలేశారనీ రాశారు. ఆ నివేదికనే సర్కారు ఏళ్ల తరబడి బయటపెట్టలేదు. సర్కారీ కాగితం గతే అదైతే, భయంతో హథియార్ అప్పగించిన మనిషి దాని లైసెన్సును, రసీదును ఇంట్లో ఉంచుకునేంత ధైర్యం చేసి ఉంటాడా? కొందరు చేశారు. అవే ఇప్పుడు సందూకుల అడుగున ఉన్నాయి.

చిక్కేమిటంటే అవి ఉర్దూలో ఉన్నాయి. మన పిల్లలకు ఉర్దూ మాట వస్తుంది, రాత రాదు. భూమి కాగితమైతే పహాణీ అనీ సేత్వార్ అనీ వకీలుతో చదివిస్తాం. ఫౌజు డిశ్చార్జి కాగితం, వజీఫా కితాబు, హథియార్ లైసెన్సు మాత్రం "ఏదో పాత ఉర్దూ కాగజ్" అని కబాడీకి పోతాయి. తారీఖులూ తికమక పెడతాయి. రియాసత్ దఫ్తర్లు ఫస్లీ సాలు రాసేవి. ఆజుర్ మొదటి నెల, ఆబాన్ చివరిది. సాలు అక్టోబరులో మొదలవుతుంది కనుక ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుంచి మొదలయ్యే నెలలైతే 591. ఆబాన్ 1357 ఫస్లీ అని ఉంటే అది 1948 సెప్టెంబరు, సరిగ్గా ఆ రోజులే. అదే కాగితం మీద హిజ్రీ 1367 కూడా ఉంటే ఇంకా మంచిది, రెండూ సరిపోతాయో లేదో చూసుకోవచ్చు. పల్టన్ పేరు, నంబరు, ముహర్ కనిపిస్తే ఫోటో తీసి పెట్టండి. లామినేషన్ మాత్రం చేయించకండి. పాత కాగితానికి అది కఫన్ లాంటిది, మళ్లీ విప్పలేం. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఆసఫ్‌జాహీ దఫ్తర్లు ఉన్నాయి. పేరూ సాలూ చేతిలో పట్టుకుని వెళితే వెతకడానికి ఒక దారి ఉంటుంది. కిస్సా ఒక్కటే పట్టుకుని వెళితే ఉండదు.

ఇనుము విషయంలో ఇంకో మాట. ఇంట్లో నిజంగానే పాత పిస్తోల్ బయటపడితే దాన్ని నిషానీ అని తుడిచి అల్మారాలో పెట్టుకోవడం జుర్మ్. 1959 ఆర్మ్స్ యాక్ట్ మినహాయింపు ఇచ్చేది రిపేరు చేసినా పేలని పాతకాలపు వాటికే. ఫౌజీ బోర్లు మామూలు లైసెన్సుకు రావు. కాన్పూర్ కార్ఖానా జనానికి .32 రివాల్వర్ చేసి అమ్మేది అందుకే. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు హథియార్లే పరిమితి. కాబట్టి వకీలును అడిగి ఠాణాకు తెలపండి, రసీదు అడిగి తీసుకోండి. చూసి మురిసిపోవాలంటే చౌమహల్లాలో, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నవి చాలు.

కాగితానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం వస్తువుకు వందేళ్లు నిండితేనే పురావస్తువు అంటుంది. తారీఖీ విలువ ఉన్న దస్తావేజుకు 75 ఏళ్లు చాలు. 1948 సెప్టెంబరులో హథియార్ జమ చేసి తెచ్చుకున్న రసీదు ఎవరి సందూకులో ఉన్నా, 2023లోనే దానికి ఆ వయసు వచ్చేసింది.